సెక్షన్ మారినప్పుడు హెడ్డింగ్ స్క్రీన్ మీద ఎక్కడ నిలవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీరు ఒక మార్క్‌డౌన్ (హెడ్డింగ్‌లని # గుర్తుతో చూపించే సాదా టెక్స్ట్ పద్ధతి) ఎడిటర్ తయారుచేస్తున్నారు. అందులో "తర్వాతి సెక్షన్", "వెనకటి సెక్షన్" అని రెండు షార్ట్‌కట్‌లు పెట్టారు. వాటిని నొక్కినప్పుడు ఆ హెడ్డింగ్‌ని స్క్రీన్ పైకి తేవాలా, మధ్యలో నిలపాలా, అప్పటికే కనబడుతూ ఉంటే కదపకుండా వదిలేయాలా అన్నది సందేహం.

పైకే తీసుకురండి. అంచుకి అతికించకుండా, దాని పైన రెండు మూడు లైన్లు కనబడనివ్వండి. హెడ్డింగ్ అప్పటికే కనబడుతున్నా సరే, అక్కడికే తీసుకురండి. ఈ చివరి మాట చాలామందికి నచ్చదు. "కళ్ళ ముందున్నదాన్ని మళ్ళీ ఎందుకు కదపడం" అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

తొమ్మిదేళ్లుగా నా పని సాఫ్ట్‌వేర్‌లకి యూజర్ మాన్యువల్స్ రాయడం. ఒక మాన్యువల్ మొత్తం ఒకే ఫైల్‌లో ఉండేది, దాదాపు పన్నెండు వేల లైన్లు. ప్రతి చాప్టర్‌లోనూ అవే సబ్‌హెడ్డింగ్‌లు: పరిచయం, సెట్టింగ్స్, ఎర్రర్లు. అప్పుడు నేను వాడిన ఎడిటర్ స్క్రీన్‌ని వీలైనంత తక్కువ కదిపేది. వెళ్లాల్సిన హెడ్డింగ్ కనబడుతూ ఉంటే కర్సర్ ఒక్కటే అక్కడికి పోయేది. హెడ్డింగ్ కింద ఎక్కడో ఉంటే స్క్రీన్ చివరి లైన్‌లోకి వచ్చేది, పైన ఉంటే మొదటి లైన్‌లోకి వచ్చేది.

రిలీజ్ ముందురోజు "బ్యాకప్" చాప్టర్ సెట్టింగ్స్‌లో పాత టేబుల్ ఒకటి తీసేయాలి. షార్ట్‌కట్ నొక్కాను. ఆ హెడ్డింగ్ అప్పటికే స్క్రీన్ అడుగు భాగంలో ఉంది కాబట్టి ఏమీ కదల్లేదు. సన్నటి గీతలా ఉండే కర్సర్ అక్కడికి దూకిన సంగతి నా కంటపడలేదు. కీ సరిగా పడలేదనుకుని గబగబా ఇంకో మూడు నాలుగు సార్లు నొక్కాను. ఈసారి స్క్రీన్ కదిలింది. అట్టడుగు లైన్‌లో "సెట్టింగ్స్" అన్న హెడ్డింగ్ వచ్చి ఆగింది. దాని కింద ఏముందో కనబడదు, ఏ చాప్టర్‌దో తెలియదు. మౌస్ వీల్ తిప్పి కిందికి వెళ్లాను, టేబుల్ కనబడింది, తీసేశాను. అది "రీస్టోర్" చాప్టర్‌లోది. రెండు రోజుల తర్వాత సపోర్ట్ టీమ్ వాళ్ళు ఫోన్ చేసి ఆ టేబుల్ ఏమైందని అడిగారు. ఫైళ్ల పాత రూపాలని దాచిపెట్టే గిట్‌లో పాత వెర్షన్ ఉంది కాబట్టి టేబుల్ దొరికింది కానీ, అప్పటికే జనం చేతుల్లోకి వెళ్లిన మాన్యువల్‌లో తప్పు తప్పుగానే ఉండిపోయింది.

నా తొందర కూడా ఉంది, కాదనను. అయితే కీ నొక్కితే ఏదో జరిగిందని కంటికి తెలియాలి. స్క్రీన్ కదలకపోతే, కనీసం ఆ హెడ్డింగ్ లైన్ ఒక్క క్షణం రంగు మారినా నేను రెండోసారి నొక్కేదాన్ని కాదు. మీరు ఎలాగైనా "కనబడితే కదపొద్దు" పద్ధతే పెట్టాలనుకుంటే ఆ రంగు మాత్రం తప్పకుండా పెట్టండి.

ఇక పైనే ఎందుకంటే, హెడ్డింగ్‌కి సంబంధించినదంతా దాని కిందే ఉంటుంది. స్క్రీన్‌లో 40 లైన్లు పడితే, హెడ్డింగ్‌ని మధ్యలో నిలపడమంటే 20 లైన్లు నేను వదిలేసి వచ్చిన సెక్షన్‌కే ఇచ్చేయడం. వెతుకులాట సంగతి వేరు. ఒక పదం కోసం వెతికినప్పుడు దానికి ముందు ఏముందో, వెనక ఏముందో రెండూ కావాలి, అక్కడ మధ్యలో నిలపడమే సరి. విమ్, ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లు రెండూ మామూలుగా దూరం దూకినప్పుడు కర్సర్ లైన్‌ని మధ్యకే తెస్తాయి. ఏ లైన్‌కి ఎందుకు వచ్చామో వాటికి తెలియదు కాబట్టి అది న్యాయమే. మీ షార్ట్‌కట్‌కి మాత్రం వచ్చింది హెడ్డింగ్ కోసమని ముందే తెలుసు.

ఎప్పుడూ ఒకే చోట నిలపడంలో ఇంకో సుఖం ఉంది. వరసగా పదిసార్లు నొక్కుతూ పోతే కన్ను ఒకే చోట ఉంటుంది, హెడ్డింగ్‌లే అక్కడికి వస్తాయి. ముందుకి వెళ్లినా వెనక్కి వెళ్లినా తేడా ఉండకూడదు.

పైన వదిలే రెండు మూడు లైన్లు ఎక్కడి నుంచి వచ్చామో చెప్పడానికి. విమ్‌లోనూ ఈమాక్స్‌లోనూ ఒక పేజీ కిందికి వెళ్తే పాత పేజీలోని చివరి 2 లైన్లు పైన మిగులుతాయి, అదీ ఇందుకే. నేను ఇప్పుడు విమ్‌లో స్క్రోల్ఆఫ్ (కర్సర్‌కి పైనా కిందా కనీసం ఎన్ని లైన్లు కనబడాలో చెప్పే సెట్టింగ్) విలువ 3 పెట్టుకున్నాను. తర్వాతి హెడ్డింగ్‌కి తీసుకెళ్లే ]] వెనకాలే జెడ్, టీ కీలు కూడా నొక్కినట్టు మ్యాప్ చేసుకున్నాను. ఆ రెండు కీలు కర్సర్ లైన్‌ని పైకి తెస్తాయి, స్క్రోల్ఆఫ్ పుణ్యమా అని పైన మూడు లైన్లు మిగులుతాయి.

మీది బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్ అయితే, పేజీలో ఒక భాగాన్ని కళ్ళ ముందుకి తెచ్చే స్క్రోల్‌ఇంటూవ్యూ ఆదేశంలో "నియరెస్ట్" ఇవ్వకండి, నా కొంప ముంచిన ప్రవర్తన సరిగ్గా అదే. "స్టార్ట్" ఇచ్చి, హెడ్డింగ్‌లకి సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే భాష) స్క్రోల్-మార్జిన్-టాప్, అంటే పైన వదలాల్సిన జాగా, పెట్టండి. పైన అంటుకుని ఉండే టూల్‌బార్ ఉంటే దాని ఎత్తు కూడా అందులో కలపండి, లేకపోతే హెడ్డింగ్ వెళ్లి దాని వెనక దాక్కుంటుంది. యూజర్ టైప్ చేస్తున్నప్పుడు, బాణం కీలతో లైన్ లైన్‌గా కదులుతున్నప్పుడు మాత్రం ఇదంతా వద్దు. అక్కడ వీలైనంత తక్కువ కదపడమే మర్యాద.

మెల్లగా జారే యానిమేషన్ దగ్గరి సెక్షన్‌కి బాగానే ఉంటుంది. వేల లైన్ల అవతలికి వెళ్లేటప్పుడు మాత్రం తల తిరుగుతుంది, నేరుగా వెళ్లిపోనివ్వండి. కదలికలు తగ్గించమని సిస్టమ్‌లో పెట్టుకున్నవాళ్ళకి ఎప్పుడూ వద్దు.

మీరు అడగలేదు గానీ, వెనక్కి రావడం గురించి కూడా ఆలోచించండి. ఇంకో సెక్షన్‌లో ఏదో చూసుకుని వెనక్కి వచ్చేసరికి కర్సర్ పాత లైన్‌లోనే ఉంటుంది కానీ, ఆ లైన్ స్క్రీన్ మీద వేరే ఎత్తులో ఉంటుంది. చదువుతున్న పేరా ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోవాలి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్‌లో జంప్ఆప్షన్స్ అనే సెట్టింగ్‌కి "వ్యూ" అని ఇస్తే స్క్రీన్ ఉన్నదున్నట్టు తిరిగి వస్తుంది. మీరూ కర్సర్‌తో పాటు స్క్రీన్ పై లైన్ ఏదో కూడా గుర్తుపెట్టుకోండి. పొడవాటి లైన్లు మడతపడతాయి కాబట్టి, మడతలో ఎన్నో వరసో కూడా దాచండి.

చివరి సెక్షన్ నాలుగు లైన్లే ఉంటే, ఫైల్ కింద ఖాళీ జాగా లేనిదే ఆ హెడ్డింగ్ పైకి రాదు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో చివరి లైన్ దాటి కూడా స్క్రోల్ అవుతుంది, మీరూ అలా పెట్టండి. ఆ ఒక్క సెక్షన్ దగ్గర మాత్రం హెడ్డింగ్ వేరే చోట ఆగితే, పైనే చూడటానికి అలవాటుపడిన కన్ను అక్కడ ఇంకేదో హెడ్డింగ్ చదువుతుంది.