సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు

ప్రశ్న: మాది పన్నెండేళ్ల పెట్రోల్ కారు, సీఎన్‌జీ కిట్ ఉంది. రెండు రోజులుగా సెల్ఫ్ బాగానే తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ప్లగ్గులు, బ్యాటరీ మార్చారు. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దండీ, ఈసీఎం జోలికి ఇప్పుడే పోకండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10 వోల్టుల పైన నిలబడితే అది బాగున్నట్టే. ప్లగ్గులన్నీ కూడా ఒకే పూట చావవు. సిలిండర్లన్నీ ఒక్కసారిగా ఆగాయంటే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో ఆగింది. పెట్రోలు పంపు, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీఎంకి చెప్పేది), ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజిన్‌ని అడ్డుకునేది), మెయిన్ రిలే (ఈసీఎంకి కరెంటు అందించే స్విచ్చు), టైమింగ్ (వాల్వుల్ని సమయానికి కదిలించే బెల్టు లేదా చైను) – వెతకాల్సింది వీటిలో.

తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు జుయ్‌మని తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు చూడండి. తర్వాత పంపు రిలే పీకి, అదే నంబరున్న హారన్ రిలే అక్కడ పెట్టి చూడండి. అప్పటికీ చప్పుడు లేకపోతే పంపు కనెక్టర్‌కి టెస్ట్ లాంపు తగిలించి సెల్ఫ్ కొట్టించండి. లాంపు వెలుగుతూ పంపు తిరగలేదంటే పంపు పోయినట్టే. మీ బండి విషయంలో మా మొదటి అనుమానం దీని మీదే. గ్యాస్ కిట్ ఉన్నా చాలా బళ్లు స్టార్టయ్యేది పెట్రోలుతోనే. ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేదీ పెట్రోలే. గ్యాస్ ఉంది కదా అని ట్యాంకు అడుగంటనిస్తే పంపు వేడెక్కి కాలిపోతుంది. పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచండి.

పంపు తిరుగుతోందా? అయితే స్కానర్ (ఈసీఎంలోని వివరాలు చదివే పరికరం) పెట్టించి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడమనండి. 150 – 250 మధ్య కనిపించాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్‌ని, దాని వైరుని అనుమానించాలి. క్రాంక్ సెన్సర్ లోపాన్ని సూచించే పీ0335 కోడ్ ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఆ సిగ్నల్ లేనిదే ఈసీఎం స్పార్కు ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు. అందుకే ఈసీఎమ్మే చచ్చిందని పొరపడతారు. బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయిన సందర్భాలు ఈమధ్య ఉంటే ఎక్కువగా ఈ సెన్సరే కారణం. కొత్తది కొనేముందు దాని వైరును ఎలుక కొరికిందేమో చేత్తో తడిమి చూడండి.

మీటర్లో తాళం గుర్తు లైటు ఆగకుండా మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించట్లేదేమో, రెండో తాళంతో ప్రయత్నించండి. ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉంటే తుడిచి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు చాలా బళ్లలో ఈసీఎం పెట్రోలు ఆపేస్తుంది, లోపలిది ఆరుతుంది. ఒక్కో సారి పది సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి.

ఒకవేళ సెల్ఫ్ ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా, ఒకే స్వరంతో తిరుగుతుంటే వెంటనే ఆపేయండి. టైమింగ్ బెల్టో చైనో తెగి ఉండొచ్చు. ఇంకా తిప్పితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగొచ్చు.

ప్రశ్న: ట్రాక్టర్లో డీజిల్ పూర్తిగా అయిపోయింది. మళ్లీ పోసినా స్టార్ట్ కావడం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: లైనులో గాలి పట్టింది. సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగుతుందే తప్ప గాలి పోదు. పది లీటర్లైనా పోసి, ట్యాంకు కాక్ తెరిచి, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలేది) రెండు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే మీట) కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి స్వచ్ఛంగా డీజిల్ ధార వస్తుంది. ప్రైమర్ ఆపకుండానే స్క్రూ బిగించండి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గరా ఇలాగే చేయాలి.

అప్పటికీ అందుకోకపోతే గేరు న్యూట్రల్‌లో ఉంచి, స్టాప్ నాబ్ లోపలికి తోసి, యాక్సిలరేటర్ పూర్తిగా పెట్టి, రెండు నాజిళ్ల (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) పైపు నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మగానే బిగించండి. అక్కడ చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ ఇంజిన్లలో (ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో నాజిళ్లన్నిటికీ డీజిల్ వెళ్లేవి) అయితే ఈ నట్లు ముట్టుకోనే వద్దు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి చేరుతోంది, మరో రెండు సార్లు కొడితే అందుకోవచ్చు. అసలు పొగే లేకపోతే ఇంకా గాలి ఉన్నట్టు. తెల్లారేసరికి మళ్లీ గాలి పడుతుంటే ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పైపులు, రాగి వాషర్లు మార్చండి. అక్కడ డీజిల్ చుక్క కారకపోయినా గాలి మాత్రం దూరుతుంది.