ప్రత్యయాలు, అంటే ‘లు’, ‘కి’, ‘లో’ లాంటి అతుకు ముక్కలు, అన్ని భాషల్లోనూ తెలుగులాగే పదం చివరే వస్తాయా? అసలు అవి ఎక్కణ్ణుంచి పుడతాయి?

అన్నిట్లో రావండీ. వియత్నామీస్‌లోనైతే పదం రూపం దాదాపు మారదు. నేను విశాఖ పోర్టుకు వచ్చే ఓడల కాగితాలు చూసే ఆఫీసులో పనిచేస్తాను. సంతకాల కోసం ఎదురుచూస్తూ ఓడల సిబ్బందిని ఇలాంటివి అడగడం నాకో సరదా.

మనకి బాగా దగ్గరగా అనిపించింది టర్కిష్. ఓడని వాళ్ళు ‘గెమి’ అంటారు. ఒక టర్కీ ఆఫీసరు పనికిరాని ఫారం వెనక వరసగా రాసి చూపించాడు: గెమిలెర్ అంటే ఓడలు, గెమిలెరిమిజ్ అంటే మా ఓడలు, గెమిలెరిమిజ్‌దె అంటే మా ఓడల్లో. మనం ‘మా’ని ముందు విడిగా పెడతాం, వాళ్ళు దాన్నీ వెనకే అతికించేస్తారు. బహువచనం ముందు, విభక్తి తర్వాత అన్న వరస మాత్రం అచ్చం మనదే.

ఆ ‘లెర్’ కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. కెప్టెన్లు అనాలంటే ‘కప్తాన్‌లర్’. ముందున్న అచ్చుని బట్టి మారిపోతుంది. వింతేం కాదు, మనమూ భీమిలికి, అనకాపల్లికి అని రాస్తాం గానీ గాజువాకకు, సీతమ్మధారకు అంటాం కదా. (మాటల్లో మన వైపు అన్నిటికీ ‘కి’ తగిలించేస్తాం, అది వేరే సంగతి.)

ఫిలిప్పీన్స్ వాళ్ళది ఇంకో పద్ధతి. టగాలోగ్‌లో ‘సులాత్’ అంటే రాత. ‘రాశాడు’ అనాలంటే మధ్యలో ‘ఉమ్’ దూర్చి ‘సుములాత్’ అంటారు. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో మార్పు పదం ముందు జరుగుతుంది. అరబిక్ నుంచి పుస్తకం అనే అర్థమిచ్చే ‘కితాబు’ని తెచ్చుకుని, అందులో ‘కి’ తమ ఏకవచన గుర్తే అనుకుని, బహువచనానికి ‘వితాబు’ చేసేసుకున్నారు! నాకైతే అన్నిట్లోకీ ఇదే ఇష్టం.

ఇక పుట్టుక. చాలా ప్రత్యయాలు ఒకప్పుడు సొంత కాళ్ళ మీద నిలబడ్డ మాటలే. హంగేరియన్‌లో ‘లో’ అనే అర్థమిచ్చే ‘బన్’, ‘బెన్’ పేగుని, లోపలి భాగాన్ని చెప్పే మాట నుంచి వచ్చాయి. ఫ్రెంచ్‌లో, మన ‘నెమ్మదిగా’లో ‘గా’ లాంటి ‘మాఁ’ లాటిన్‌లో మనసు అనే మాట. మన ‘వచ్చేశాడు’లో ‘వేయు’ క్రియ దాక్కుని ఉంది. అక్కడ ఎవరూ ఏదీ వేయడం లేదు, పని పూర్తయిందని చెప్పడానికే అది మిగిలింది. మా ఉత్తరాంధ్రలో అదే ఇంకా అరిగి ‘వచ్చీసాడు’, ‘చెప్పీసాను’ అయింది.