వలసల ఆర్థికశాస్త్రం చదువుతానన్న అమ్మాయి, బిజినెస్ అనలిటిక్స్ చదవమన్న తండ్రి

ప్రశ్న: మా అమ్మాయి ఆర్థికశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. వలస వచ్చినవారి వల్ల ఒక దేశ ఆర్థిక వ్యవస్థకు మేలా, కీడా అన్న విషయం మీద పైచదువు, ఆ తర్వాత పరిశోధన చేస్తానంటోంది. విదేశంలో బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్ చేసి అక్కడే స్థిరపడాలని మా కోరిక. "మనవల్ల వాళ్లకు లాభమో నష్టమో నీకెందుకు, ముందు వెళ్లి ఉద్యోగం చూసుకో" అన్నాను. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మరోవైపు ఆ దేశాల్లో వలసలపై వ్యతిరేకత పెరుగుతోందని వింటున్నాం. ఈ రెండు దారుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతాను. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఒకటి ఉంది. అప్పు చేసి పంపిన తర్వాత అక్కడి తలుపు మూసుకుపోతే అమ్మాయి గతి ఏమిటన్నది మీ అసలు భయం. ప్రవేశాల కాలం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి, వాటిలో కోర్సు పేరు మారుతుంది గానీ భయం మారదు. ఆ భయానికి లెక్కలతో సహా జవాబు వెతికే శాస్త్రం ఏదైనా ఉందంటే అది మీ అమ్మాయి చదువుతానంటున్నదే. కాబట్టి ముందు అందులో ఏముందో చూద్దాం.

వలస వచ్చినవారు స్థానికుల ఉద్యోగాలు లాక్కుంటారన్న వాదన వెనుక, దేశంలో ఉద్యోగాల సంఖ్య ఎప్పటికీ ఇంతే అన్న ఊహ దాగి ఉంటుంది. ఆ ఊహ నిలవదు. వచ్చిన మనిషి పనిచేయడమే కాదు, ఇల్లు అద్దెకు తీసుకుంటాడు, సరుకులు కొంటాడు, పన్ను కడతాడు, కొన్నాళ్లకు తానే ఒక వ్యాపారం పెట్టి నలుగురికి పని ఇవ్వవచ్చు. పనివాళ్లు దొరుకుతున్నారని తెలిస్తే పెట్టుబడి కూడా అటే వస్తుంది. అలాగని అందరికీ మేలే జరుగుతుందనీ చెప్పలేం. ఎవరికి, ఏ పనిలో, ఎంతకాలంలో అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది, దాన్ని తేల్చడం ఎంత కష్టమో చూపడానికి ఒక్క ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను.

1980 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మారియెల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది పడవల్లో అమెరికా చేరారు. వారిలో చాలామంది మయామీలోనే ఉండిపోవడంతో ఆ నగర శ్రామికుల సంఖ్య కొద్ది నెలల్లో సుమారు 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త మయామీని అట్లాంటా, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్, టాంపా ప్రాంతాలతో పోల్చి, తక్కువ నైపుణ్యం గల స్థానికుల వేతనాలపైనా నిరుద్యోగంపైనా చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని 1990లో ప్రచురించారు. సుమారు పాతికేళ్ల తర్వాత జార్జ్ బోర్హాస్ అనే మరో ఆర్థికవేత్త, కార్డ్ వాడిన సర్వే లెక్కలను (ఉద్యోగాలు, వేతనాలపై అమెరికా ప్రభుత్వం జరిపే కరెంట్ పాపులేషన్ సర్వే) మళ్లీ తెరిచారు. ఆయన స్వయంగా క్యూబాలో పుట్టి 1962లో అమెరికాకు వలస వచ్చినవారు. పాఠశాల చదువు పూర్తిచేయని, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) కాని పురుషులను మాత్రమే విడిగా తీసి చూస్తే వారి వేతనాలు 10 నుంచి 30 శాతం దాకా పడిపోయాయని ఆయన తేల్చారు. ఆ మీదట మైకేల్ క్లెమెన్స్, జెనిఫర్ హంట్ మరో సంగతి పట్టుకున్నారు: సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే సర్వేలోని ఆ గుంపులో నల్లజాతి పురుషుల వాటా పెరిగింది, వారి సగటు వేతనాలు అప్పటికే తక్కువ కావడంతో, అసలు ఎవరి జీతం తగ్గకపోయినా సగటు తగ్గినట్టు కనబడే అవకాశం ఉంది. ఒకే నగరం, ఒకే సర్వే, మూడు రకాల తీర్పులు! ఆ కార్డ్‌కే 2021లో ఆర్థికశాస్త్ర నోబెల్‌లో సగం వాటా దక్కింది. ఇంత నిశితంగా లెక్క తీయడం నేర్పే చదువును మీరు "నీకెందుకు" అన్న ఒక్క మాటతో కొట్టిపారేశారు.

తలుపులు మూసేస్తే స్థానికులు బాగుపడతారా అన్నదానికీ ఈ శాస్త్రం దగ్గర ఆధారం ఉంది. మెక్సికో నుంచి వ్యవసాయ కూలీలను తెచ్చుకునే బ్రాసెరో ఏర్పాటును అమెరికా 1964 చివర రద్దు చేసింది. స్థానిక కూలీల వేతనాలు పెరుగుతాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ కూలీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో, అసలు లేని రాష్ట్రాల్లో వేతనాలు దాదాపు ఒకే తీరున నడిచాయని తర్వాతి అధ్యయనం చూపింది, ఎందుకంటే భూస్వాములు టమాటా కోసే యంత్రాలు కొన్నారు, కూలీల అవసరం ఎక్కువగా ఉండే పంటలను తగ్గించుకున్నారు. దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 1991 తర్వాత చెక్ దేశస్థులు రోజూ సరిహద్దు దాటి జర్మనీలో పనిచేసి సాయంత్రానికి ఇల్లు చేరేందుకు అనుమతి దొరికినప్పుడు, ఆ సరిహద్దు ప్రాంతాల్లో స్థానికుల ఉపాధి తగ్గింది. చెక్ పనివారు సంపాదన తమ ఊళ్లోనే ఖర్చుపెట్టుకోవడం వల్ల జర్మనీ వైపు గిరాకీ పెరగకపోయి ఉండవచ్చు. వలస మంచిదని నిరూపించడానికే మీ అమ్మాయి ఈ రంగంలోకి వస్తూంటే ఆమెకు కూడా నా హెచ్చరిక ఇదే: ఇష్టం లేని ఫలితం వచ్చినా రాయగలిగితేనే ఇటు రావాలి.

ఇక మీరు కోరుకున్న దారి సంగతి. పేరున్న విశ్వవిద్యాలయంలో, గణితం బలంగా నేర్పే అనలిటిక్స్ కోర్సును నేను తప్పుపట్టను. కానీ ఏడాదిలో ముగించే, ప్రవేశం అడిగినవారికల్లా ఇచ్చే కోర్సుల మీద నాకు సందేహాలు ఏటేటా పెరుగుతున్నాయి, ఆ సందేహానికి మూలం కూడా వలసల ఆర్థికశాస్త్రమే. ఒట్టవియానో, పేరి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990 నుంచి 2006 దాకా అమెరికాకు జరిగిన వలసలను పరిశీలించి, దీర్ఘకాలంలో స్థానికుల సగటు వేతనం స్వల్పంగా, 0.6 శాతం మేర పెరిగిందనీ, అంతకుముందే వలస వచ్చి ఉన్నవారి వేతనాలు మాత్రం 6.7 శాతం తగ్గాయనీ 2012లో చెప్పారు. కొత్తగా వచ్చినవారు ముందు వచ్చినవారితో సరిగ్గా అదే పనికి, అదే నైపుణ్యంతో పోటీ పడటమే దీనికి కారణం. అంటే గుంపుగా ఒకే కోర్సు చదివి ఒకే రకం ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీ అమ్మాయికి అసలు పోటీ ఆ దేశస్థులతో కాదు, ఆమెకన్నా రెండేళ్ల ముందు అదే డిగ్రీతో అక్కడ దిగిన పిల్లలతోనే.

ఆ మధ్య అలాంటి కోర్సు పూర్తిచేసి వచ్చిన ఒక అబ్బాయి నా గదిలో కూర్చుని ఒక నోటుపుస్తకం తెరిచాడు. తేదీ, కంపెనీ పేరు, వీసా స్పాన్సర్ చేస్తారా లేదా అని మూడు గడులు గీసి, పేజీ తర్వాత పేజీ నింపాడు. మూడో గడిలో దాదాపు అన్నీ అడ్డగీతలే. చదువులో వెనకబడినవాడు కాదు, కష్టపడనివాడూ కాదు. తనలాంటివారు వేలమంది ఉన్న వరసలో నిలబడ్డాడు, అంతే. అమెరికాలో ఉద్యోగం చేసేందుకు ఇచ్చే హెచ్-1బీ వీసాలకు ఏటా 65 వేలు, అక్కడే మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు అన్న పరిమితి ఉన్నంతకాలం ఆ వరస తగ్గదు. కెనడా 2024 జనవరిలో విద్యార్థి అనుమతులపై రెండేళ్ల పరిమితి పెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ఇళ్ల కొరత ఒకటి. వలసల వల్ల ఉద్యోగాలకన్నా ముందు ఇంటి అద్దెల మీద ఒత్తిడి పడటం ఆర్థికవేత్తలకు కొత్త కాదు, మారియెల్ తర్వాత మయామీలోనూ అద్దెలు ఇతర నగరాలకన్నా ఎక్కువగా పెరిగాయి. తలుపు ఎప్పుడు, ఎందుకు బిగుసుకుంటుందో అంచనా వేయగలిగిన మనిషి ఇంట్లోనే ఉండగా, మీరు పక్కింటి అబ్బాయి ఎక్కడికి వెళ్లాడో చూసి నిర్ణయం తీసుకుంటున్నారు. కటువుగా అనిపిస్తే మన్నించండి, కానీ ఇన్నాళ్ల మౌనం తర్వాత కూడా మీరు ఆమెను అడగాల్సింది నన్ను అడిగారు.

ఆమె దారిలో కష్టాలు లేవని నేను అనను. పరిశోధన దాకా వెళ్లాలంటే ఐదారేళ్ల పీహెచ్‌డీ ఉంటుంది, అధ్యాపక పదవులు తక్కువ, గణితం అంటే భయం ఉంటే మొదటి సంవత్సరంలోనే చాలామంది వెనుదిరుగుతారు. అయితే మీ భయాన్ని సగానికి తగ్గించే విషయాలు రెండున్నాయి. అమెరికాలోని మంచి విభాగాలు ఆర్థికశాస్త్ర పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా ఫీజు మాఫీ చేసి ఉపకార వేతనం కూడా ఇస్తాయి, ఎంఎస్‌కు అప్పు చేయాల్సింది మీరు. రెండోది, లెక్కలు ప్రధానంగా ఉండే ఆర్థికశాస్త్ర మాస్టర్స్ కోర్సులను అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) వర్గంలో నమోదు చేశాయి, కనుక చదువయ్యాక పనిచేసే అనుమతి విషయంలో మీరు అనలిటిక్స్‌లో చూస్తున్న సౌకర్యం ఇందులోనూ దొరకవచ్చు. పరిశోధన వద్దనుకున్న రోజున కూడా ఈ చదువు చేతిలోనే ఉంటుంది. కేంద్ర బ్యాంకులు, గణాంక సంస్థలు, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ కార్మిక సంస్థ వంటివి ఇలాంటివారిని తీసుకుంటాయి. బ్రిటన్‌లో 2007 నుంచి వలసల విధానంపై ప్రభుత్వానికి సలహా ఇస్తున్న కమిటీలో కూర్చునేది ప్రధానంగా ఆర్థికవేత్తలే. పెద్ద సమాచారాన్ని శుభ్రం చేసి అందులోంచి కారణాన్ని వెలికితీయగల మనిషిని అనలిటిక్స్ కంపెనీలు కూడా వద్దనవు. అనలిటిక్స్ నుంచి ఆర్థికశాస్త్ర పరిశోధన వైపుకు రావడమే కష్టం.

ప్రవేశ పరీక్షల సంగతులు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. మీ ఉత్తరంలో లేనిది ఒకటుంది: అమ్మాయి డిగ్రీలో గణితం, గణాంకశాస్త్రం ఎంతవరకు చదివింది? లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత చదవకపోతే ఈ ఏడాది వాటికే కేటాయించాలి. దాంతోపాటు ఆమెను ఒక చిన్న పని చేయమనండి. మారియెల్‌పై కార్డ్, బోర్హాస్ రాసిన రెండు పరిశోధనా పత్రాలు తెచ్చుకుని, అమెరికా కరెంట్ పాపులేషన్ సర్వే లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి కనుక, వారి పట్టికల్లో ఒక్కదాన్ని తన చేత్తో మళ్లీ తయారు చేయాలి. అందుకు వాడే ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌కు కూడా ఖర్చు లేదు. రెండు నెలలు పట్టవచ్చు, మొదటి పదిసార్లు లెక్క కలవదు. అప్పటికీ విసుగు పుట్టకపోతే మాస్టర్స్‌కూ, ఆచార్యుల దగ్గర ఒకటి రెండేళ్లు సహాయకులుగా పనిచేసే ప్రీ-డాక్ అవకాశాలకూ కలిపి దరఖాస్తు చేయించండి. ఆ పట్టిక తయారయ్యాక అందులో ఏముందో ఆమెనే మీకు వివరించమని అడగండి, ఆమె చెప్పింది విన్న తర్వాత ఇద్దరూ కలిసి నాకు రాయండి. ఏ విశ్వవిద్యాలయాలకు, ఏ గడువులోగా పంపాలన్నది అప్పుడు కూర్చుని చూద్దాం.