చక్రం లేకుండా వెళ్ళి మొసలిని ఎలా చంపాడు?

ప్రశ్న: పోతన భాగవతంలో, మొసలికి చిక్కిన ఏనుగును కాపాడ్డానికి విష్ణువు పరిగెత్తే గజేంద్రమోక్షం కథలోని ‘సిరికిం జెప్పడు’ పద్యం చిన్నప్పుడు బళ్ళో బట్టీ పట్టాను. మొన్న దాన్ని మా అమ్మాయికి చెప్తుంటే, “చక్రం తీసుకోకుండా వెళ్తే మొసలిని ఎలా చంపాడమ్మా?” అని టక్కున అడిగేసింది. నాకు నోట మాట రాలేదు. తాత్పర్యాలు తిరగేస్తే భక్తి గురించి బోలెడు ఉంది గానీ దీనికి జవాబు దొరకలేదు. పోతన పొరబడ్డాడా? ఇలాంటి కావ్యాలు మనంతట మనం చదివి అర్థం చేసుకోవచ్చా, పండితులు చెప్పిందే తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి అడిగిందే శ్రీనాథుడూ అడిగాడని ఒక కథ ఉందండీ. ఆయుధం లేకుండా వేడుక చూడ్డానికి వెళ్ళాడా అని ఆయన వెక్కిరిస్తే, పోతన బావిలో రాయి వేసి ‘మీ అబ్బాయి పడ్డాడు’ అని కేక పెట్టాడట, శ్రీనాథుడు తాడూ నిచ్చెనా లేకుండానే పరిగెత్తాడట. కథ బాగుంది గానీ పోతనను సమర్థించడానికి బావీ రాయీ అక్కర్లేదు, పేజీ తిప్పితే చాలు. కాస్త కిందే ‘తనవెంటన్ సిరి’ పద్యం ఉంటుంది. విష్ణువు వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, ఆ వెనక గరుత్మంతుడు, అతని పక్కన విల్లు, గద, శంఖం, చక్రం, అలా వైకుంఠమంతా కదిలి వస్తుంది. చక్రం ఇంట్లో ఉండిపోలేదు, ఆయన వెనకాలే వచ్చింది. మనం ఒక్క పద్యాన్నే విడదీసి బట్టీ పట్టాం కాబట్టి ఈ అనుమానం.

సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో విష్ణువు చక్రం పట్టుకుని గరుడుడి మీదే వస్తాడు. పోతన దాన్ని మార్చాడు. ఎందుకు మార్చాడో తెలియాలంటే పద్యంలో క్రియలు మాత్రం ఏరి చూడండి: చెప్పడు, సంధింపడు, చీరడు (అంటే పిలవడు), పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ చేయని పనులే. ‘బయల్దేరాడు’ అనే మాట ఇందులో లేదు, పైనున్న ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలోనూ లేదు. అది ‘సంరంభియై’ అని, ఇది ‘ఉత్సాహియై’ అని ఆగుతాయి. బయల్దేరడం ఈ రెండు పద్యాల్లో మనం చూడనే లేదు!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆఖరిది. భార్యకు చెప్పడం, ఆయుధాలు అందుకోవడం, పరివారాన్ని పిలవడం, వాహనం సిద్ధం చేయించడం, చెవుల దాకా జారిన జుట్టు సర్దుకోవడం, ఈ అయిదూ టైం పట్టే పనులు, తొందరలో మానేశాడంటే అర్థం ఉంది. కానీ లక్ష్మితో ఏదో చిన్న తగవులో పట్టుకున్న పైటకొంగు వదిలేయడానికి ఎంతసేపు పడుతుంది, వేళ్ళు విప్పితే చాలు కదా. అదీ చేయలేదు. అది తన చేతిలో ఉందన్న సంగతే ఆయనకు గుర్తు లేదు, ఏనుగు అరుపు తప్ప ఇంకేదీ వినిపించని మనిషి అచ్చం అలాగే ఉంటాడు.

ఇది నాకు తోచింది, మీకు ఇంకోటి తోచవచ్చు, పద్యంలో మాట చూపించగలిగితే అదీ సరైనదే. పండితుల సాయం తప్పకుండా తీసుకోండి, ‘అభ్రగపతి’ అంటే గరుత్మంతుడనీ ‘ధమ్మిల్లం’ అంటే కొప్పు అనీ ‘జెప్పడు’ సంధిలో మారిన ‘చెప్పడు’ అనీ వాళ్ళే చెప్పాలి. కాకపోతే ముందు పద్యాన్ని పైకి చదవండి, ముందూ వెనకా నాలుగైదు పద్యాలు చూడండి, తాత్పర్యం ఆ తర్వాత.

ఈసారి మీ అమ్మాయితో ఆ కొంగు సంగతి చెప్పి, ఇంకొంచెం కిందికి వెళ్ళి ‘అడిగెద నని కడువడి జను’ అనే చిన్న కందం చదివించండి. ఎక్కడికని అడుగుదామని లక్ష్మి గబగబా నడుస్తుంది, అడిగితే బదులు చెప్పడేమో అని ఆగిపోతుంది. పద్యం నిండా ‘డ’లే, అవి ఎవరి అడుగులో పిల్లనే చెప్పమనండి.