గోడకు నోటీసు అంటించాక సివిల్ కోర్టుకు వెళ్తే లాభముందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం. రొయ్యల సాగు పెట్టుబడికి చెరువునూ, ఊళ్లోని ఇంటినీ బ్యాంకుకు తనఖా పెట్టాను. వైట్‌స్పాట్ తెగులుతో రెండు పంటలు పోయి వాయిదాలు కట్టలేకపోయాను. 60 రోజుల నోటీసు వస్తే జవాబివ్వలేదు. ఇప్పుడు ఇంటి తలుపుకూ, చెరువు గట్టు మీది షెడ్డుకూ స్వాధీన నోటీసు అంటించారు. కోర్టు తీర్పు లేకుండా ఇలా చేయవచ్చా? భీమవరం కోర్టులో ఇంజంక్షన్ దావా వేయమని మా బావగారు అంటున్నారు.

జవాబు: చేయవచ్చు. 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకుకు ఆ అధికారం ఇచ్చింది. బావగారి సలహా మాత్రం పక్కన పెట్టండి. ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని అదే చట్టంలోని 34వ సెక్షన్ నిషేధించింది. బ్యాంకు చర్యే మోసమని తేలిగ్గా కనిపించే అరుదైన కేసులకు తప్ప అక్కడ దారి లేదు. దావా నంబరు కోసం తిరిగే రోజులన్నీ మీ అసలు గడువులోంచే కరిగిపోతాయి.

ఆ గడువు 45 రోజులు. ఆలోగా 17వ సెక్షన్ కింద విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. 'తాళం వేయలేదు, ఇంకా మేమే ఉంటున్నాం కదా' అని ఊరుకోకండి. కాగితం అంటించడమే సవాలు చేయదగ్గ చర్య అని 2018లో హిండన్ ఫోర్జ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో రావాలి. వచ్చిందో లేదో చూసి ఆ పత్రికలు దాచండి. మొదటి నోటీసుకు అభ్యంతరం రాసి ఉంటే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వవలసి వచ్చేది. ఆ అవకాశం మీరే వదులుకున్నారు.

ఇక చెరువు. మీ చేతిలో ఉన్న మంచి వాదన ఇదొక్కటే. వ్యవసాయ భూమి మీది తనఖాకు ఈ చట్టం వర్తించదని 31వ సెక్షన్ చెబుతుంది. రొయ్యల చెరువు వ్యవసాయ భూమి కాదని బ్యాంకు తప్పక వాదిస్తుంది. అవునని నిరూపించే భారం రుణగ్రహీతదేనని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. రెవెన్యూ రికార్డయిన అడంగల్‌లో ఏముందన్నదొక్కటే చాలదు, తనఖా పెట్టిన నాటికి ఆ భూమిని దేనికి వాడుతున్నారో చూస్తారు. అందుకని అడంగల్, 1బి నకళ్లతో పాటు మత్స్యశాఖ అనుమతి, ఆ కాలపు ఆక్వా కరెంటు బిల్లులు, మేత బిల్లులు సేకరించండి. రుణ దరఖాస్తులో ఆ భూమిని ఏమని రాసి సంతకం పెట్టారో ముందే చదువుకోండి. చాలా కేసులు ఆ సంతకం దగ్గరే దెబ్బతింటాయి. వాదన నెగ్గినా బాకీ పోదు, బ్యాంకు మరో దారిలో వసూలు చేసుకుంటుంది. ఇంటికైతే ఈ మినహాయింపు ఏ రకంగానూ అందదు.

స్టే ఇచ్చేటప్పుడు ట్రైబ్యునల్ సాధారణంగా కొంత సొమ్ము కట్టమంటుంది, ఆ ఏర్పాటుతోనే బయల్దేరండి. మొత్తం బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు, 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన వెలువడే దాకానే. వేలం నాటికి డబ్బు తెచ్చినా హక్కుగా అడగలేరు.