ఒక్క ఆల్బమ్ పది ముక్కలుగా కనిపిస్తోంటే...

ప్రశ్న: పాత ఫోన్లు, హార్డ్‌డిస్క్‌ల్లోని దాదాపు 6,000 పాటల్ని కంప్యూటర్‌లో ఒకచోటికి చేర్చి, ఫోల్డర్లుగా సర్దుకున్నాను. అయినా ప్లేయర్‌లో ఒకే ఆల్బమ్ పది ముక్కలుగా కనిపిస్తోంది. కొన్ని తెలుగు పాటల పేర్లున్న చోట ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఎలా సరిచేయాలి?

జవాబు: మీరు ఫోల్డర్లు ఎంత బాగా సర్దినా చాలా ప్లేయర్లు వాటిని పట్టించుకోవు. పాట ఫైల్ లోపల ఉండే ట్యాగ్‌నే, అంటే పాట పేరు, ఆల్బమ్, గాయకుల వివరాలు రాసి ఉండే భాగాన్నే చదువుతాయి, కాబట్టి సర్దాల్సింది అక్కడ. ముందు మొత్తం పాటల్ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఆల్బమ్ ముక్కలవడానికి ఎక్కువసార్లు కారణం ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా ఉండటమే. ఎనిమిది పాటల్ని ఐదుగురు పాడారనుకోండి, ఆ గడిలో ఏమీ లేకపోతే చాలా ప్లేయర్లు ‘ఆర్టిస్ట్’ గడిలోని గాయకుల పేర్లను పట్టుకుని ఐదు ఆల్బమ్‌లు చేసేస్తాయి. ట్యాగుల్ని మార్చే ఎంపీ3ట్యాగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిదింటినీ సెలెక్ట్ చేసి ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరో, ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అనో ఒకేలా రాయండి. గాయకుల పేర్లు ఆర్టిస్ట్‌లోనే ఉండనివ్వండి, వాటిని చెరిపేస్తే ఎవరు పాడారో తర్వాత వెతుక్కోవాల్సి వస్తుంది. అప్పటికీ కలవకపోతే స్పెల్లింగ్ చూడండి. నా దగ్గర ఒక ఆల్బమ్ ఎంతకీ కలవలేదు, తీరా చూస్తే ఒక పాటలో ఆల్బమ్ పేరు చివర కంటికి కనిపించని ఒక స్పేస్ ఉంది!

ఇక ప్రశ్నార్థకాల సంగతి. ఎంపీ3 పాటల్లో ట్యాగ్ రాసే పద్ధతిని ఐడీ3 అంటారు. 1996 నాటి దాని మొదటి వెర్షన్‌లో ట్యాగ్ మొత్తానికీ ఉన్న చోటు 128 బైట్లు, అందులో పాట పేరుకు 30. తెలుగు అక్షరాలకు అందులో వీలే లేదు. ఎంపీ3ట్యాగ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఐడీ3వీ2.3 (ఐడీ3లో తర్వాతి వెర్షన్), యూటీఎఫ్-16 (తెలుగు అక్షరాలు కూడా పట్టే ఎన్‌కోడింగ్) ఎంచుకోండి, కొత్తవీ పాతవీ చాలా ప్లేయర్లు దీన్ని చదువుతాయి. కానీ ఫైల్‌లో నిజంగానే ప్రశ్నార్థకాలు సేవ్ అయిపోయి ఉంటే ఆ అక్షరాలు తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే. ఫైల్ పేరు సరిగ్గా ఉంటే మాత్రం దాన్నుంచే ట్యాగ్ నింపే సదుపాయం ఎంపీ3ట్యాగ్‌లో ఉంది, బోలెడు శ్రమ తప్పుతుంది.

పేరూ ఊరూ లేని పాటలకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం. ఇందులో ‘స్కాన్’ నొక్కితే పాట ధ్వనిని బట్టి గుర్తుపడుతుంది. అయితే ఒకే పాట అసలు ఆల్బమ్‌లోనూ ఉంటుంది, తర్వాత వచ్చిన హిట్స్ సంకలనాల్లోనూ ఉంటుంది కదా, పికార్డ్ ఒక్కోసారి మీ పాటను ఆ సంకలనంలో పడేస్తుంది. అందుకే ఆల్బమ్‌గా ఉన్నవాటికి ముందు ‘క్లస్టర్’ (పాటల్ని ఆల్బమ్‌ల వారీగా గుంపు చేస్తుంది), తర్వాత ‘లుకప్’ (ఉన్న ట్యాగులతో ఆ ఆల్బమ్‌ను వెతుకుతుంది) వాడి, విడి పాటలకు మాత్రమే స్కాన్ నొక్కండి. కింద పాత ట్యాగ్, కొత్త ట్యాగ్ పక్కపక్కనే కనిపిస్తాయి, చూసుకున్నాకే సేవ్ చేయండి. 6,000 ఒకేసారి వేస్తే ఈ చూసుకోవడం ఎవరివల్లా కాదు, ఒక్కో ఫోల్డరే తీసుకోండి.

వేవ్ (.wav) ఫైల్స్ ఉంటే వాటిని ఫ్లాక్ (.flac) ఫార్మాట్‌లోకి మార్చుకోండి. నాణ్యత తగ్గదు, ట్యాగులు నిలుస్తాయి. అంతా అయ్యాక కూడా ప్లేయర్‌లో పాత పేర్లే కనిపిస్తే టెన్షన్ పడకండి, లైబ్రరీని రీస్కాన్ చేయించండి.