పుట్టగొడుగులు ఏరుకొచ్చే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

గుణుపురం నుంచి ఒక నాన్నగారు అడిగారు. అమ్మాయి బీఎస్సీ బాటనీ రెండో ఏడాది, వానలు పడితే చాలు కొండ వైపు పోయి పుట్టగొడుగులు తెచ్చి పేపర్ మీద ఆరబెడుతుందట, సగం పురుగు పట్టి పోతున్నాయట, "దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా సార్" అని.

ఆపకండి సార్. మొక్కల్ని గుర్తుపట్టేవాళ్లు దొరుకుతారు గానీ పుట్టగొడుగు చూసి జాతి చెప్పగలిగేవాళ్లు మన దగ్గర బాగా తక్కువ. కాకపోతే పాప చేస్తున్నది హెర్బేరియంకి, అంటే ఎండబెట్టిన శాంపిల్స్‌ని వివరాలతో దాచిపెట్టే చోటుకి, పనికిరావాలంటే నోట్స్ ఉండాలి, ఎందుకంటే ఎండాక రంగు, వాసన, జిగురు అన్నీ పోతాయి, తెచ్చిన రోజే రాయకపోతే ఆ శాంపిల్‌తో ఎవరూ పెద్దగా ఏమీ చెప్పలేరు. పీకే ముందే పక్కన స్కేల్ పెట్టి ఫోటో తియ్యాలి, గుగ్గిలం చెట్టు కిందా, మామిడి మొద్దు మీదా, చెదపుట్ట మీదా అన్నది రాయాలి, తేదీ, జీపీఎస్, ప్రతిదానికీ ఒక నంబర్. కాడ విరిచెయ్యకుండా చాకుతో మట్టిలోంచి మొత్తం లేపాలి, అమానిటా అనే విషపు పుట్టగొడుగుల్ని పోల్చుకునే సంచి లాంటి తొడుగు మట్టిలోనే ఉండిపోతుంది మరి. ప్లాస్టిక్ కవర్లో చెమర్చి కుళ్లిపోతాయి, కాగితం కవర్లే వాడమనండి. ఇంటికొచ్చాక ఒక గొడుగుని సగం నల్లగా సగం తెల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి గిన్నె మూసేస్తే తెల్లారేసరికి స్పోర్ ప్రింట్, అంటే దాని విత్తనాల్లాంటి పొడి రాలిన అచ్చు, పడుతుంది, ఆ రంగూ రాసుకోవాలి.

పురుగు సంగతంటారా, వానాకాలం గాలికి ఆరవు సార్. డ్రయ్యర్లో 40-50 డిగ్రీల దగ్గర, విరిస్తే అప్పడంలా పటుక్కుమనేదాకా ఎండబెట్టి, జిప్ కవర్లో వేసి డీప్ ఫ్రీజర్లో వారం పైనే ఉంచితే గుడ్లతో సహా చస్తాయి.

ఉద్యోగాలు ఉన్నాయి, కానీ తక్కువ, అది దాచను. ఎమ్మెస్సీ బాటనీ, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో, ఆపైన ఫంగస్ (పుట్టగొడుగులు, బూజుల వర్గం) మీద పీహెచ్‌డీ, ఇదీ దారి. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, పుణె అగార్కర్ ఇన్‌స్టిట్యూట్‌లో అజ్రేకర్ ఫంగస్ హెర్బేరియం ఉంది, ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్ఐలో ఇంకోటి, మీకు దగ్గర్లో కొరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోడైవర్సిటీ డిపార్ట్‌మెంట్ ఉంది. ప్రాజెక్టుల్లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టుకి ఇంటర్వ్యూకెళ్తే నంబర్లు వేసిన నోట్‌బుక్కు చూపించే పిల్లకి ఉండే బలం వేరు. మైక్రోస్కోప్ కూడా ఇప్పట్నుంచే బాగా నేర్చుకోమనండి, ఒకవేళ ఇటు కుదరకపోయినా మైక్రోబయాలజీ ల్యాబుల్లో, మొక్కల తెగుళ్ల పనుల్లో అదే అక్కరకొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, రిజర్వ్ ఫారెస్ట్‌లో ఏరాలంటే కాలేజీ లెటర్‌తో ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ తీసుకోవాలి, ఒక్కత్తీ వెళ్లకూడదు, పేరు తెలిసిందనిపించినా వాటిని వండుకు తినకూడదు.